ఆ ఫోను అమ్మాయే చేయాలి!

‘సీటు’ అన్న మాటకు తెలుగిళ్లలో ఉన్న బరువు ఇంకే మాటకీ లేదేమో! ర్యాంకు, కౌన్సెలింగ్, ఆప్షన్లు, ఆఖరి విడత... వీటి మధ్యే పెరిగినవాళ్లు ఇంగ్లండ్ వెళ్లి ఇరవై ఏళ్లు దాటినా సరే, ఇంట్లో పిల్ల కాలేజీ వయసుకొచ్చిందంటే ఆ పాత భయాలన్నీ అటక దిగి వచ్చేస్తాయి.

అక్కడి పద్ధతి వేరు. మన ఇంటర్‌తో సమానమైన ఎ-లెవెల్ పరీక్షలు రాయకముందే, యూకాస్ అనే సంస్థ ద్వారా ఐదు కోర్సుల దాకా దరఖాస్తు చేసుకుంటారు పిల్లలు. మెడిసిన్‌కైతే అందులో నాలుగే. ‘ఫలానా గ్రేడ్లు తెచ్చుకో, సీటిస్తాం’ అని యూనివర్సిటీలు షరతు పెట్టి మాటిస్తాయి. వాటిల్లో ఒకదాన్ని మొదటి ఎంపికగా, ఇంకోదాన్ని ‘అది పోతే ఇది’ అన్నట్టుగా పిల్లలు అట్టే పెట్టుకుంటారు. ఫలితాలు ఆగస్టులో. మరి ఆ రెండూ తప్పితే? అప్పుడు మిగిలే దారి పేరే క్లియరింగ్.

2025 ఆగస్టు 14, గురువారం. ఇంగ్లండ్ నడిమి ప్రాంతంలోని ఓ పట్టణంలో ఓ తెలుగు డాక్టరుగారి ఇల్లు. ఉదయం ఎనిమిదింటికి ఫలితాలొచ్చాయి. అమ్మాయికి బయాలజీలో ఎ, కెమిస్ట్రీలో బి, లెక్కల్లో సి. మెడిసిన్‌కి మూడు ‘ఎ’లు కావాలి. చేతిలో ఉంచుకున్న బయోమెడికల్‌ సైన్స్‌కి రెండు ‘ఎ’లు, ఒక ‘బి’ కావాలి. రెండూ పోయాయి. ‘మీరు క్లియరింగ్‌లో ఉన్నారు’ అంది యూకాస్ పేజీ. సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి నాయనమ్మ ఫోను. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. ‘‘డాక్టరు సీటొచ్చిందా?’’ అని అడిగిందావిడ. ‘‘మళ్లీ చేస్తానమ్మా’’ అని పెట్టేశాడు తండ్రి.

ఆయనకు తెలిసిన మందు ఒక్కటే... లాంగ్‌టర్మ్! 1990ల్లో ఎంసెట్‌లో మొదటిసారి ర్యాంకు రాకపోతే ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ రాశాడు. సీటు కొట్టాడు. (మెడిసిన్‌కి ఇప్పుడా పని నీట్ చేస్తోంది. లాంగ్‌టర్మ్ మాత్రం అలాగే ఉంది.) కౌన్సెలింగ్ హాల్లో కాలేజీ పేరు చెప్పింది కూడా ఆయన కాదు, పక్కన నిలబడ్డ వాళ్ల నాన్న. ఆయన సంతకం పెట్టాడంతే. దాన్ని తప్పనీ అనలేం. ఆ రోజుల్లో అందరి ఇళ్లలోనూ అంతే.

అందుకే ఆ ఉదయం కూడా ఫోను ఆయనే అందుకున్నాడు. మొదటి యూనివర్సిటీకి చేశాడు. ‘‘అభ్యర్థి మీరేనా?’’ అని అడిగారు అవతలివైపు. తండ్రినన్నాడు. ‘‘క్షమించండి, మేం అభ్యర్థితోనే మాట్లాడాలి.’’ ఇరవై ఏళ్లుగా అక్కడి ఆసుపత్రుల్లో రోగుల తరఫున, వాళ్ల బంధువుల తరఫున మాట్లాడుతున్న మనిషికి సొంత కూతురి తరఫున మాట్లాడ్డానికి వీల్లేకపోయింది!

అక్కడది నిబంధన. అభ్యర్థి ముందే ఫలానావాళ్లని పేరు రాసిస్తే తప్ప, వివరాలు ఇంకొకరితో మాట్లాడరు. అలా రాసిచ్చినా, సీటు అడిగే గొంతు అభ్యర్థిదే అయ్యుండాలని కోరుకుంటారు. చదవబోయేది ఎవరు మరి?

ఫోను అమ్మాయి తీసుకుంది. మొదటిచోట ఖాళీల్లేవు. రెండోచోటా అదే మాట. అప్పుడామె లోపలికెళ్లి ఓ నోటుపుస్తకం తెచ్చింది. వెనక పేజీలో ఐదారు యూనివర్సిటీల పేర్లు, ఫోను నంబర్లు. ప్రతి పేరు పక్కనా ఒకే మాట... జువాలజీ.

‘‘ఇదెప్పుడు రాశావమ్మా?’’

‘‘పోయిన వారం, నాన్నా.’’

అంటే ఫలితాలకు ముందే! తండ్రి ముఖం చూడాల్సిందే. ఆయన తరంలో బైపీసీ చదివి ఎంసెట్ పోయినవాళ్లు చేరేది బీఎస్సీలో. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ... మూడక్షరాల్లో బీజడ్‌సీ. ఆ అక్షరాలు తప్పించుకోడానికే కదా ఏడాదంతా లాంగ్‌టర్మ్ చదివింది!

క్లియరింగ్ అంటే మిగిలిపోయిన సీట్లకు మిగిలిపోయిన పిల్లలని మనవాళ్లలో ఓ అభిప్రాయం. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేదేమో. ఇంగ్లండ్‌లో ఏ యూనివర్సిటీ ఎంతమందిని చేర్చుకోవాలన్న పరిమితిని 2015లో ఎత్తేశారు. అప్పట్నుంచి పేరున్నవి కూడా ఆగస్టులో ఖాళీలు ప్రకటిస్తున్నాయి. చేతిలో ఉన్న సీటును తామే వదులుకుని క్లియరింగ్‌లోకి వచ్చే వెసులుబాటు 2019లో వచ్చింది. అసలు దరఖాస్తే చేయనివాళ్లకూ చోటుంది. జూన్ 30 దాటాక వచ్చే దరఖాస్తులన్నీ నేరుగా క్లియరింగ్‌లోకే వెళ్తాయి. ఉద్యోగం చేస్తూ ముప్ఫయ్యేళ్లకు చదువు మొదలుపెట్టేవాళ్లూ ఆ వరసలో ఉంటారు. జులైలో తెరిచిన తలుపు అక్టోబరు దాకా మూయరు. అయితే మెడిసిన్ సీట్లు ఇందులో దొరకడం మాత్రం బహు అరుదు.

నలభై నిమిషాలు సంగీతం విన్నాక లైను కలిసింది. ముందు యూకాస్ నంబరు, ఎ-లెవెల్ గ్రేడ్లు, పదహారేళ్లప్పుడు రాసే జీసీఎస్‌ఈలో ఇంగ్లిషు, లెక్కల గ్రేడ్లు అడిగారు. తర్వాత ఒక లెక్చరర్ వచ్చి, మెడిసిన్ కావాలన్న అమ్మాయి జువాలజీకి ఎందుకొస్తోందని అడిగారు. తండ్రి వసారాలో నిలబడి వింటున్నాడు. ఇంటి వెనక కాలువ గట్టున రెండేళ్లుగా కొంగల్ని చూస్తున్నానందామె. ఏ నెలలో ఎన్ని వచ్చాయో రాసి పెట్టుకున్నానంది. మెడిసిన్ మా నాన్నగారి సబ్జెక్టు అని కూడా అంది. గొంతు మొదట్లో వణికింది. కొంగల దగ్గరికి వచ్చేసరికి కుదుటపడింది. సాయంత్రాలు వాకింగ్‌కి వెళ్తోందనుకున్నాడాయన, పాపం!

సీటిస్తామన్నారు. మర్నాడు సాయంత్రం దాకా గడువిచ్చారు. అలా నోటిమాటగా ఎన్నిచోట్ల అడిగినా అభ్యంతరం లేదు. కానీ యూకాస్‌లో నమోదు చేసేది ఒక్కటే, అదీ ఫలితాల రోజైతే ఒంటిగంట తర్వాతే. ఈ మధ్య టైము చాలా విలువైంది. హడావుడిలో పేరైనా వినని ఊళ్లో, ఏం చెబుతారో తెలియని కోర్సులో చేరి మొదటి టర్మ్‌లోనే తిరిగొచ్చేసే పిల్లలూ ఉంటారు. ఈ అమ్మాయి ఆ నాలుగు గంటల్లో సిలబస్ చదివింది, ఇంకో రెండుచోట్లకు ఫోను చేసింది. తండ్రి లెక్కలేసుకున్నాడు. ఆ ఏడాది ఫీజు 9,535 పౌండ్లు. అక్కడే స్థిరపడ్డ కుటుంబం కాబట్టి ఫీజుకు ప్రభుత్వ రుణం దొరుకుతుంది. సంపాదన ఏడాదికి 25 వేల పౌండ్లు దాటాకే కట్టడం మొదలవుతుంది.

‘‘ఒక్క ఏడాది ఆగి మళ్లీ రాస్తే?’’ అని చివరిగా అడిగాడు.

‘‘ఆగితే గ్రేడు పెరుగుతుందేమో. ఇష్టం పెరగదు నాన్నా.’’

తల్లి అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ‘‘అన్నం చల్లారిపోతోంది, ఇద్దరూ రండి’’ అంది.

ఒంటిగంట దాటిన ఐదు నిమిషాలకు అమ్మాయి మీట నొక్కింది. తండ్రి తెనాలికి ఫోను చేశాడు. ‘‘అంటే బీఎస్సీయేనా?’’ అంది నాయనమ్మ. ‘‘బీఎస్సీయే అమ్మా’’ అన్నాడాయన. ఏ ఊళ్లో, ఎన్నేళ్లు, అంత దూరం ఒక్కతీ ఎలా ఉంటుందని ఆవిడ అడుగుతూనే ఉంది. ఫోను కూతురి చేతికిచ్చి, హాస్టల్ గదుల అద్దెలు చూడ్డం మొదలుపెట్టాడు.