బావిలో ఉన్నంత పాట

మా జేజి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "ఆషాఢం గాలి మాదిరి ఒగటే హోరు రా. రాముడు యాడ మాట్లాడ్తాండాడో తెలీలేదు" అనింది.

అందులో ఉన్నది తోలుబొమ్మలాట. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఆటగాళ్లు మా ఊళ్లో ఒక రాత్రి ఆడితే, నాయన తెర ముందు టూ-ఇన్-వన్ పెట్టి క్యాసెట్లోకి ఎక్కించుకున్నాడు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆ క్యాసెట్ మళ్లీ గుర్తొచ్చింది. బీరువాలోంచి తీసి, ఒక అంగట్లో ఎంపీత్రీగా మార్పించి, గుప్పిట్లో ఇమిడే ప్లేయర్లో వేసి జేజికిచ్చాను.

హోరు అనగానే నేను చేసింది వాల్యూమ్ పెంచడం. తర్వాత బాస్ పెంచాను. గొంతులు ఇంకా ముద్దయిపోయాయి. చూస్తున్న నాయన అన్నాడు: "చీనీ చెట్టుకు నీళ్లు అందకపోతే ముందు మోటారు మార్చుతామా, ఫిల్టర్ కడుగుతామా?"

మాది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. ఇక్కడ చీనీ తోట పెంచినవాడికి డ్రిప్పు ఒక చదువు. బోరు నుంచి చెట్టు మొదలు దాకా నీరు ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎక్కడ కారిపోతుందో ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ పోవాలి. పాటకూ అదే దారి. నేను చివరి నుంచి కాక మొదటి నుంచి బయలుదేరాను.

మొదలు క్యాసెట్. ఆ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున టూ-ఇన్-వన్ హెడ్‌ను రాసుకుంటూ పోతుంది. హెడ్ మొహాన ఉండే సందు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. మా ఊరి ఎర్రదుమ్ము అక్కడ కూర్చుంటే తాళం మోత వినిపిస్తుందా? పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, హెడ్‌ను మెల్లగా తుడిచాను. దూది గోధుమరంగుకు తిరిగింది. టేపు నుంచి రాలిన పొడి, మా నేల దుమ్ము కలిసి ఏది ఏదో తెలియనంతగా అతుక్కున్నాయి. నాలుగో దూది తెల్లగా వచ్చేదాకా వదల్లేదు. రబ్బరు రోలర్‌ను తడిగుడ్డతో తుడిచాను.

ఇక హెడ్ పక్కనున్న చిన్న మర. దాన్ని తిప్పి హెడ్ వంపు సరిచేయడాన్ని మెకానిక్కులు అలైన్‌మెంట్ అంటారు. రికార్డు చేసినప్పుడు హెడ్ ఏ కోణంలో ఉందో, వినేటప్పుడూ అదే కోణంలో ఉండాలి. తేడా వస్తే సన్నటి శబ్దాలే ముందు పోతాయి. ఆట నడుస్తుండగా స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పాను. గోనెసంచి కప్పినట్టున్న తాళం ఒక్కసారి ఖణేల్‌మంది. నాయన లేచి దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

రెండో మెట్టు కాపీ. సీడీలో పాట సెకనుకు 1,411 కిలోబిట్ల లెక్కన ఉంటుంది. అంగట్లో నాకు చేసిచ్చిన ఫైలు 128, అంటే పదకొండో వంతు. చెవి గమనించదనుకున్నదాన్ని వదిలేసి చిన్నదిగా చేయడమే ఎంపీత్రీ పద్ధతి. మరీ పిండితే మొదట దెబ్బతినేది తాళాల అంచు, గజ్జెల గలగల. ఆ ఫైలునే మళ్లీ 320కి మార్చితే సైజు పెరుగుతుంది, పోయిన గజ్జెలు తిరిగిరావు. బావిలో ఉంటే కదా బొక్కెనలోకొచ్చేది! అందుకే మళ్లీ టేపు దగ్గరికే పోయాను. ఎక్కడా గొంతు చిట్లకుండా కాస్త తక్కువ లెవెల్లో పెట్టి, ఏమీ పిండకుండా కంప్యూటర్లోకి ఎక్కించి దాచాను. ప్లేయర్ కోసం మాత్రం దాన్నుంచి 320లో ఒక నకలు తీశాను. టేపు హోరును కొంచెమే తగ్గించాను. పూర్తిగా తీసేయబోతే దాంతోపాటు మనుషుల ఊపిరీ పోతుంది.

చివరి మెట్టు చెవి. ఇయర్‌ఫోన్ జాలిలో ఇరుక్కున్న మట్టిని పొడి బ్రష్‌తో దులిపాను. జేజి చెవికి రబ్బరు బుడిపెలు పెద్దవయ్యాయి. చిన్నవి వేస్తే అతికినట్టు కూర్చున్నాయి. చెవికీ బుడిపెకూ మధ్య సందు మూసుకోగానే, నేను మీటతో పెంచాలని చూసిన మద్దెల మోత దానంతటదే వచ్చింది. బయటి గాలి చప్పుడు తగ్గింది కాబట్టి వాల్యూమ్ కూడా దించాను. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నీళ్లను పొదుపుగా వాడుకునే ఊళ్లో చెవులనూ అలాగే వాడుకోవాలి.

నేను కొత్తగా ఏమీ కలపలేదు. అడ్డం ఉన్నవి తీశాను, అంతే. మంచి శబ్దమంటే నాకిప్పుడు అదే. ఆ రాత్రి పాడినవాళ్లు పడిన కష్టం దారిలో కారిపోకుండా వినేవాళ్ల దాకా చేరాలి.

తోలుబొమ్మలాటలో యుద్ధం వచ్చినప్పుడు ఆటగాళ్లు కాళ్ల కింద చెక్క పలకలు పెట్టుకొని టపటపా తొక్కుతారు. మొదటి కాపీలో ఆ చప్పుడు ఉన్నట్టే తెలియలేదు. ఈసారి జేజి మంచం మీద కళ్లు మూసుకొని వింటోంది. ఎలా ఉందని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. లంకలో యుద్ధం మొదలైనట్టుంది, ఆమె మడమ నేలను తడుతోంది.