మోటారు మంచిదే, ముడి వదులైంది

మేముండే మిన్నెసోటాలో కార్ల నంబరు ప్లేట్ల మీదే "10,000 సరస్సులు" అని రాసి ఉంటుంది. కాబట్టి వేసవి వస్తే చాలు, వీధిలో సగం ఇళ్ళ ముందు పడవలు తేలతాయి. మాదీ ఒకటుంది. 14 అడుగుల అల్యూమినియం పడవ, వెనక చెక్కకి బిగించే చిన్న కరెంటు మోటారు, ఒక 12 వోల్టుల బ్యాటరీ. అంతే సంసారం. ట్రోలింగ్ మోటారు అంటారు దాన్ని. చప్పుడు చెయ్యకుండా మెల్లగా తీసుకెళ్తుంది కాబట్టి చేపలు బెదరవు.

పోయిన చలికాలం మా ఆయన గుండెకి స్టెంటు వేశారు. "నడవండి, కానీ బరువులు లాగకండి" అన్నారు డాక్టరుగారు. మే నెలలో చేపల సీజను మొదలయ్యాకే ఆయన మొహంలో మళ్ళీ కళ చూశాను. జూన్లో ఒక శనివారం ఆయనా, పదిహేనేళ్ళ మా వాడూ వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మోటారు 5వ నంబరు మీద పెట్టినా ఎదురుగాలికి పడవ కదల్లేదట. మా వాడు తెడ్డు వేస్తుంటే, చూస్తూ కూర్చోలేక ఈయన రెండో తెడ్డు అందుకున్నారట. ఈ సంగతి వాడు నాకు ఆ రాత్రి, ఆయన పడుకున్నాక, గొంతు తగ్గించి చెప్పాడు.

పొద్దున కాఫీ ఇస్తూ మోటారు సంగతి అడిగాను. "దాని పని అయిపోయిందోయ్. ముసలిదైపోయింది, నాలాగే" అన్నారు నవ్వుతూ. కొత్తది కొనాలంటే వందల డాలర్లు. డబ్బు మాట అలా ఉంచండి, ఆ "నాలాగే" నాకు గుచ్చుకుంది.

మా నాన్న తెనాలి దగ్గర వ్యవసాయ మోటార్లకి వైండింగు చేసేవారు. "పుల్లింగ్ లేదండీ, మోటారు పోయింది" అంటూ రైతులు వచ్చేవారు. నాన్న మోటారు విప్పే ముందు అడిగే మాట ఒకటే: "లైను చూశావా?" చప్పుడు చేసేది మోటారు కాబట్టి అందరూ దాన్నే అంటారు, దోషం దారిలో ఉంటుంది అనేవారు. నేను చదివింది తెలుగు బి.ఏ. పద్యంలో ఎక్కడో గణం తప్పితే పాదం పాదం విడదీసి వెతకడం మాకు అలవాటే కదా. అలాగే చూద్దాం అన్నాను. తేలేదాకా పడవ గుమ్మం దాటదని కూడా అన్నాను.

ముందు బ్యాటరీ వైర్లు తీసేసి పంకా చూశాం. ఇక్కడి సరస్సుల్లో నాచుమొక్కలు ఎక్కువ, అవి చుట్టుకుంటే పంకా బరువెక్కుతుంది. గాలం దారం అంతకంటే ప్రమాదం. పంకా వెనక చేరి సీలుని కోసిందంటే మోటారులోకి నీళ్ళు పోతాయి. పంకాని పట్టి ఉంచే చిన్న పిన్ను విరిగితే మోటారు తిరిగిన చప్పుడు వస్తుంది, పడవ కదలదు. మాకు ఇవేవీ లేవు. చేత్తో తిప్పితే పంకా హాయిగా తిరిగింది.

తర్వాత స్పీడు. 1, 2 నంబర్ల మీద బాగానే ఉంది, 5 మీదే నీరసం. ఇలా అయిదు స్పీడ్లుండే రకంలో లోపలి స్పీడు కాయిల్ కాలితే దీనికి ఉల్టాగా ఉంటుంది. చిన్న స్పీడ్లు పోయి 5 ఒక్కటే పనిచేస్తుంది. కాబట్టి అదీ కాదు.

ఇక బ్యాటరీ. మల్టీమీటరు పెడితే 12.7 వోల్టులు. నిండుగా ఉన్నట్టే. "చూశావా, బ్యాటరీ బాగుంది, పోయింది మోటారే" అన్నారు ఈయన. నాకు మాత్రం ఆస్పత్రి గుర్తొచ్చింది. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి ఇ.సి.జి. తీస్తే అంతా సవ్యంగానే ఉంది. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తేనే కదండీ అసలు సంగతి బయటపడింది! పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు పెద్దలు. బరువు మోసేటప్పుడు చూడాలి, మనిషినైనా, బ్యాటరీనైనా.

ఇక్కడ మన వంటింటి లెక్క ఒకటి చెప్తాను. ఈ మోటారు గట్టిగా లాగినప్పుడు 50 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. 12 వోల్టులతో గుణిస్తే 600 వాట్లు, అంటే ఇంచుమించు మన మిక్సీ. కానీ ఇండియాలో 230 వోల్టుల మీద తిరిగే మిక్సీకి అదే పనికి మూడు ఆంపియర్లు కూడా పట్టవు. వోల్టులు తక్కువైనప్పుడు అదే పనికి కరెంటు అంత ఎక్కువ పారాలి. మిక్సీ ప్లగ్గు కొంచెం వదులైనా ఎలాగో నడుస్తుంది. పడవ వైరుకి కాస్త చిలుము పడితే చాలు, ఒకటిన్నర వోల్టు అక్కడే వేడిగా మారిపోతుంది. చిన్న స్పీడులో కరెంటు తక్కువ కాబట్టి లోపం కనబడదు. 5 మీద పెట్టగానే బయటపడుతుంది.

ఆ సాయంత్రం పడవని రేవుకి గట్టిగా కట్టేసి, మోటారుని నీళ్ళలోనే ఉంచి 5 మీద తిప్పాం. మా వాడు మీటరు పట్టుకున్నాడు, నేను కాగితం మీద రాశాను. బ్యాటరీ దగ్గర 11.9. ఫరవాలేదు, బ్యాటరీ మోస్తోంది. అదే మోటారు ప్లగ్గు దగ్గర 10.3! మధ్యలో 1.6 వోల్టులు ఎవరు తినేశారు? మీటరు రెండు ముళ్ళూ ఒక్కో అతుకుకి అటూ ఇటూ పెట్టుకుంటూ వచ్చాం. బ్రేకరు దగ్గర దాదాపు ఏమీ లేదు. ప్లగ్గు దగ్గర కొంచెం. నెగటివ్ వైరు చివర, బ్యాటరీకి తగిలించే లగ్గు దగ్గర, 1.2. మోటారు ఆపి చెయ్యి పెడితే అక్కడ వెచ్చగా ఉంది. పైన నల్లటి తొడుగు నిగనిగలాడుతోంది, కోసి చూస్తే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి, సగం పోగులు తెగి ఉన్నాయి.

మంచి రాగి కనిపించేదాకా వైరు కోసి కొత్త లగ్గు వేయించాం. బ్యాటరీ స్తంభాల మీది తెల్లటి పొక్కుని వంటసోడా నీళ్ళతో కడిగి, గరుకు కాగితంతో రుద్దాం. చేత్తో తిప్పే రెక్కల నట్లు పడవ కుదుపుకి వదులవుతాయి, వాటి బదులు నైలాన్ ఉన్న నట్లు బిగించాం. మళ్ళీ కొలిస్తే మోటారు దగ్గర 11.5. కట్టిన తాడు తెంపుకుపోతుందేమో అన్నట్టు లాగింది పడవ. అన్నీ కలిపి ఇరవై డాలర్లు కాలేదు.

"మోటారుకి ఏమీ కాలేదండీ, దారిలో అడ్డం పడిందంతే. అది తీసేశాం" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "డాక్టరుగారూ ఇదే మాట అన్నారు" అన్నారు. ముసలితనం ఊసు ఆ తర్వాత మా ఇంట్లో రాలేదు.

ఇప్పుడు పడవ బయల్దేరే ముందు మా వాడు అతుకులన్నీ పట్టి చూస్తాడు. తెడ్లు వాడివే, ఆయన ముట్టుకోకూడదు, అది షరతు. చలికాలం బ్యాటరీని నిండా చార్జి చేసి లోపల పెడతాం. చార్జి లేని బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టి పగిలిపోతుంది.

మీ ఇళ్ళల్లో పడవలు లేకపోవచ్చు, ఇన్వర్టర్లు ఉంటాయిగా. ఫ్యాను నీరసంగా తిరుగుతోందని కొత్త బ్యాటరీ కొనేముందు, ఆ అతుకుల దగ్గర పొక్కు కట్టిందేమో ఎలక్ట్రీషియన్ని ఒక్కసారి చూడమనండి. ఎప్పుడైనా మీరే తుడవాల్సి వస్తే అన్నీ ఆపేసి, చేతికున్న బంగారు గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టి మరీ చెయ్యి పెట్టండి. రెండు స్తంభాలకీ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతాయి. మా నాన్న దుకాణంలో అమ్మ చేతికి గాజులుంటే లోపలికే రానిచ్చేవారు కాదు.