కలప ఎక్కని గూడ్సు

గూడ్సు బండ్ల ఫొటోలు తీసేవాళ్లలో కొందరికి కలప బండి అంటే మహా మోజు. కెనడాలో, ఫిన్లాండులో అయితే ఆ మోజు ఇట్టే తీరుతుంది. ఆదోనిలో పెట్టుకుంటే మాత్రం కళ్లు కాయలు కాస్తాయి. గుంతకల్లు - రాయచూరు లైన్లో సిమెంటు పోతుంది, బొగ్గు పోతుంది, ధాన్యం పోతుంది, కంటెయినర్లు బారులు తీరి పోతాయి. దుంగ మాత్రం కనిపించదు. దగ్గర్లోని ఎమ్మిగనూరుకైతే రైలే లేదు. అక్కడి ఇళ్ల దూలాలూ ద్వారబంధాలూ లారీ దిగినవే.

ఎప్పుడూ ఇంతేనా? కాదు. చాలాకాలం మన రైలు నడిచిందే చెక్క స్లీపర్ల మీద. ఎక్కువ చోట్ల వాటి స్థానంలోకి కాంక్రీటు వచ్చినా, గర్డరు వంతెనల మీద చెక్కే ఇంకొన్నాళ్లు నిలిచింది. చివరికి అక్కడా ఉక్కు చానళ్లు వచ్చాయి. ఇక కలప రవాణా సంగతి. 1996 డిసెంబరు 12న అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, ఈశాన్య రాష్ట్రాల కలపను రైల్లో గానీ రోడ్డు మీద గానీ నీళ్ల మీద గానీ బయటికి తీసుకుపోకూడదంది. ఆ ఆంక్ష గట్టిగా అమలు చేయమని రైల్వేకూ పురమాయించింది. అంతవరకు మోసినవాడికే కాపలా పని!

ఇక నాబోటివాడు చేసేదేముంది, సందుల్లో వెతుక్కోవడమే. ఆదోని దాటాక ఇసివి వైపు రోడ్డు పక్కన నిలబడితే, సిగ్నలు పడక ఆగిన ఉక్కు బండి ఒక్కోసారి దొరుకుతుంది. అందరూ ఇంజను కేసి కెమెరా తిప్పుతారు. నేను వ్యాగను అడుగున చూస్తాను. ఉక్కు సరుకు కదలకుండా అడ్డం పెట్టిన చెక్క దిమ్మెలుంటాయి. ఒకదానికి బెరడు కూడా ఒలవలేదు. బరువుకు నలిగి అంచు పీచులు లేచింది, పక్కనే తుప్పు చార. పైన వ్యాగను నంబరు పదకొండంకెలు: మొదటి రెండూ వ్యాగను రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆపై రెండూ తయారైన సంవత్సరం. ఇనుముకు ఇంత జాతకం రాసి పెట్టారు. దిమ్మె ఏ అడవి చెట్టుదో ఎక్కడా ఉండదు. నాకు ఆ ఫొటోలే ఇష్టం. చూపిస్తే ఇంట్లోవాళ్లు "రైలేదీ?" అంటారు.

ఎమ్మిగనూరులో ఓ కట్టెల అడితి ఆయన కూడా ఫోనులో అవి చూశాడు.

"ఏమన్నా, ఈ దిమ్మెల పటాలు తీసి ఏం జేస్తావు? మా కట్టెంతా వచ్చేది ఈ లారీలోనే. దీని పటం తియ్యి."

తీశాను. లోడు మీద తాడు ముడి కూడా స్పష్టంగా పడింది. నంబరు ప్లేటు కర్ణాటకది.