అక్షరము లెరుగని పాఠకులు

పసిబిడ్డకై బొమ్మల పుస్తకము కొనబోవు పెద్దవారు సాధారణముగా మొదట వెల చూచెదరు, పిదప వెనుక అట్టమీది నాలుగు మాటలు చదివెదరు, కడపట ఇందు నీతి యేమున్నదని విచారించెదరు. పుస్తకమున ముప్పాతిక వంతు ఆక్రమించియున్న చిత్రములను మాత్రము వట్టి అలంకారముగా నెంచి వేగముగా పుటలు త్రిప్పివేసెదరు. అట్లు కొన్న పుస్తకము ఇంటికి వచ్చిన తరువాత జరుగునది వేరు. పెద్దవారి కన్నులు అక్షరముల వెంట పోవుచుండగా, అక్షరమన నేమో యెరుగని బిడ్డ చిత్రమున ఒక మూల నున్న పిల్లి యొద్ద ఆగిపోవును. కథలో ఒక్కమారైనను ప్రస్తావింపబడని ఆ పిల్లి గడచిన పుటలో గోడమీద నుండెననియు, ఈ పుటలో మంచము క్రిందికి చేరెననియు కనిపెట్టి, రాబోవు పుటలో ఎక్కడ నుండునో యని ఆరాటపడును. బొమ్మల పుస్తకమునకు ముఖ్య పాఠకులు ఈ బిడ్డలే గాని చదివి వినిపించు పెద్దలు గారు. ఈ సంగతి మనసున నిలుపుకొన్న వారికి పుస్తక నిర్ణయము చాలవరకు సులభమగును.

కావున అంగడిలో నిలుచుండి నేను మొదట చేయు పని, వాక్యములను అరచేత మూసి చిత్రములను మాత్రమే తుదివరకు చూచుట. అక్షరసహాయము లేకయే ఎవరు, ఎక్కడ, ఏమి కోరుచున్నారు, వారికేమి సంభవించినది అను విషయములు పొడగట్టినచో ఆ చిత్రకారుడు తన పని తానెరిగిన వాడు. చిత్రము వాక్యము చెప్పినదానినే మరల చెప్పుచున్నచో అది మధ్యమము. వాక్యము చెప్పక విడిచినదానిని చిత్రము చెప్పుచున్నచో అది ఉత్తమము. బొమ్మల పుస్తకములు పెక్కింటికి 32 పుటలు మాత్రమే యుండుటకు కారణము అచ్చుయంత్రము: పెద్ద కాగితమును రెండు వైపుల అచ్చొత్తి మడచినచో 16 పుటలగును, అట్టివి రెండు కలిపి కుట్టుదురు. ఆ కొలతలోనే కథ మొదలై, చిక్కుపడి, విడిపోవలయును గనుక పుట త్రిప్పు క్షణమునకు గొప్ప విలువ యేర్పడినది. కుడిపుట చివర బిడ్డ ఊపిరి బిగబట్టునట్లు కథను నిలిపి, పుట త్రిప్పగనే ఉత్తరము నిచ్చు రచయితయు, రెండును ఒకే పుటలో కుక్కి పాడుచేయు రచయితయు ఒక్క పరిశీలనముననే తెలిసిపోవుదురు.

చిత్రములు నచ్చిన పిమ్మట వాక్యములను పెదవులు కదుపుచు చదివి చూడవలయును. తెలుగున నేడు వచ్చుచున్న పిల్లల పుస్తకములలో అనువాదములు చాల గలవు; వానిలో కొన్ని హాయిగా సాగును, కొన్ని మాత్రము ఏ తెలుగు తల్లియు ఎన్నడును పలుకని వరుసలో మాటలు కూర్చుకొని, నాలుక మీద నడువక తడబడును. ఒకే పుస్తకమును పదేపదే చదివించుకొనుట బిడ్డల స్వభావము. నూరవసారి చదువునప్పుడును తల్లికి విసుగు పుట్టని వాక్యమే మంచి వాక్యము. విదేశములందు పెరుగుచున్న తెలుగు బిడ్డలకు తెలుగును ఆంగ్లమును పక్కపక్క అచ్చువేసిన ద్విభాషా పుస్తకములు పంపువారు తెలుగు భాగమును తామొకసారి గొంతెత్తి చదివి మరీ పంపవలయును; ఏలయన ఆ బిడ్డలకు అమ్మమ్మ ఫోనులో చదివి వినిపించు ఆ పది వాక్యములే ఒక్కొకప్పుడు ఆ దినమునకు దొరకు తెలుగు.

ఏడాది నిండని శిశువు దేనినైనను ముందు నోటితోనే పరీక్షించును గనుక, ఆ శిశువునకు దళసరి అట్టలతో, మూలలు గుండ్రముగా కోసిన పుస్తకములు కావలయును. ఆ వయసున కథ యక్కరలేదు. పెద్ద ముఖములు, స్పష్టమైన రేఖలు, నలుపు తెలుపుల భేదము చాలును.

చిత్రముతో కథ చెప్పుట మనకు పరాయి విద్య గాదు. ఐరోపాలో చెకు దేశపు విద్యావేత్త కొమీనియస్ 1658లో న్యూరెంబర్గు నగరమున లోకములోని వస్తువుల నెల్ల కొయ్యచెక్కడపు బొమ్మలతో బాలురకు పరిచయము చేసిన గ్రంథమును ప్రచురించెననియు, 1902లో బీట్రిక్స్ పాటర్ తన కుందేలు కథ చిన్న చేతులలో నిముడునంత చిన్న పుస్తకముగా నుండవలయునని పట్టుబట్టెననియు, 1969లో ఎరిక్ కార్ల్ గొంగళిపురుగు తిన్నచోటనెల్ల పుటలకు రంధ్రములు చేసి బిడ్డ వ్రేలికి దారి యిచ్చెననియు చెప్పుకొనునప్పుడు, చేర్యాల నకాషీ చిత్రకారులను మరువరాదు. ఎర్రని నేలమీద వరుసలు వరుసలుగా చిత్రించిన వారి పటమును కథకుడు వ్రేలాడదీసి, ఒక్కొక్క వరుసయే విప్పుచు, పాడుచు, పద్మశాలీలకు మార్కండేయ పురాణమును వినిపించుచుండెను. ఎదుట కూర్చున్న వారిలో అక్షరము లెరిగినవారెందరు? అయినను పటము విప్పబడు కొలది వారందరును చదివిరి.

అచ్చు పుస్తకముల కాలమున 1945లో ‘బాల’, 1947లో ‘చందమామ’ తెలుగు పిల్లల చేతికి వచ్చినవి. చందమామ చిత్రములు చూడనేర్చిన తరమున కన్ను పదునుదేరినది. అయినను అది చదువు వచ్చిన బాలురకై యుద్దేశింపబడిన పత్రికయే గాని మూడేండ్ల బిడ్డ తనంత తాను చూచుకొని చదువుకొనదగిన పుస్తకము గాదు. ఆ కొరతను కొంతవరకు తీర్చినవి మాస్కోనుండి విశాలాంధ్ర పుస్తకముల అంగళ్లకు చేరిన తెలుగు పుస్తకములు: ప్రగతి, రాదుగ ప్రచురణాలయములు పెద్ద పుటలలో, చవుకగా, ఉత్తమ చిత్రకారుల బొమ్మలతో ముద్రించి పంపుచుండెను. 1991లో సోవియట్ రాజ్యముతో పాటు ఆ ప్రవాహమును ఆగిపోయినది. వానిలో కొన్నింటిని మంచి పుస్తకము సంస్థ మరల వెలుగులోనికి తెచ్చినది. 1957లో స్థాపింపబడిన నేషనల్ బుక్ ట్రస్టు, చెన్నైలోని తూలిక, బెంగుళూరులోని ప్రథమ్ బుక్స్ తెలుగున బొమ్మల పుస్తకముల నిచ్చుచున్నవి. ప్రథమ్ వారు 2015 నుండి స్టోరీవీవర్ అను అంతర్జాల వేదిక ద్వారా వేల కథలను ఉచితముగా నందించుచున్నారు. కొరత నేడు సంఖ్యలో లేదు, ఎన్నికలో నున్నది.

దత్తబిడ్డలున్న గృహములలో ఈ ఎన్నిక మరింత బరువైనది. మన తెలుగు ఇండ్లలో అల్లరిబిడ్డను ఏడిపించుటకు “నిన్ను తవుడుకు కొన్నామురా” అని తాతలును మేనమామలును నవ్వుచు ననుట తరతరముల పరిహాసము. కడుపున పుట్టిన బిడ్డ ఆ మాట విని ఉడుకుకొని, అమ్మ కుచ్చెళ్లలో మొగము దాచుకొని, మరునిమిషమున మరచిపోవును. శిశుగృహమునుండి వచ్చిన బిడ్డకు అదే మాట వేరుగా వినబడును. అది పరిహాసమో, ఇంటివారు దాచియుంచిన నిజమో ఆ బిడ్డ యెవరి నడుగవలయును? నిజమును పెండ్లిపందిట బంధువుల గుసగుసలలో వినుటకంటె తల్లి యొడిలో వినుట మేలు. అదియును ఒకనాడు గంభీరముగా కూర్చుండబెట్టి చెప్పు రహస్యముగా గాక, బుద్ధి తెలియనంత చిన్ననాటి నుండి వినుచున్న కథగా నుండవలయును; అట్టి చెప్పుబడికి బొమ్మల పుస్తకమును మించిన సాధనము నాకు తోచుటలేదు.

అయితే దత్తతను గూర్చిన పుస్తకములలో పెక్కు పెద్దల వైపు నుండి వ్రాయబడినవే. మన దత్తత సంప్రదాయమును అట్టిదే గదా! వంశము నిలుచుటకు, పిండోదకములు జరుగుటకు కుమారుడు కావలసెను. 1956 నాటి చట్టము వచ్చి కూతునుగూడ దత్తు తీసికొనవచ్చునని శాసించువరకు ఆ చింతలో ఆడుబిడ్డకు చోటే లేకుండెను. 1939లో అమెరికాలో వాలెంటినా వాసన్ రచించిన ‘ది చోజెన్ బేబీ’ ఈ విషయమున ప్రసిద్ధి కెక్కిన తొలి చిత్రపుస్తకములలో నొకటి. బిడ్డలు లేని దంపతులు పోయి తమకు తగిన శిశువును ఎన్నుకొని తెచ్చుకొందురు. ఆ కాలమున అది కరుణతో, ధైర్యముతో వ్రాసిన పుస్తకమే. దత్తతను సిగ్గుగా దాచు రోజులలో దానిని పట్టపగలు చెప్పినది. కాని ఎన్నుకొనబడితినని విన్న బిడ్డ, నన్ను వద్దనుకొన్నవారు ముందెవరో యుండవలయునని ఊహించును. ఎన్నికకు తగినట్లు మెలగనిచో మరల విడిచిపెట్టుదురేమో యని భయపడును. నీవు అదృష్టవంతుడవు, మేము రక్షించితిమి అను ధ్వని గల పుస్తకమేదైనను బిడ్డ భుజముల మీద కృతజ్ఞతాభారమును మోపును. అట్టిదానిని, చిత్రములెంత మనోహరములైనను, కొనవలదని నా నిశ్చితాభిప్రాయము.

కేకో కాజా అను జపాను రచయిత్రి గీసిన చోకో కథ చూడుడు. తల్లి లేని పసుపుపచ్చని పక్షిపిల్ల తనవంటి రెక్కలు, తనవంటి చెంపలు గలవారిని వెదకుచు పోవును. పోలిక లేదని అందరును కాదందురు. ఎలుగుబంటి తల్లి మాత్రము పోలిక మాట యెత్తక, తల్లియున్నచో నీకేమి చేయునని అడిగి, బిడ్డ చెప్పిన దెల్ల చేయును. ఇంటికి పోయిన తరువాత అక్కడ నీటిగుఱ్ఱము, మొసలి, పందిపిల్ల ముందే ఆమె బిడ్డలై యున్నారని చిత్రము మనకు చూపును. ఇందు ప్రశ్నించునది బిడ్డ, ఉత్తరమిచ్చునది తల్లి. దీని ప్రక్కన 1960లో వచ్చిన ఈస్ట్‌మన్ పుస్తకము పెట్టి చూడుడు: అప్పుడే గుడ్డునుండి వెలువడిన పక్షిపిల్ల పిల్లిని, కోడిని, కుక్కను, ఆవును నీవు నా అమ్మవా యని అడుగుచు తిరిగి, తుదకు తనవంటి పక్షినే అమ్మయని గుర్తించును. మంచి పుస్తకమే, ఎందరో నవ్విరి. కాని పోలికయే బంధమునకు గుర్తు అను భావము దత్తబిడ్డకు గ్రుచ్చుకొనవచ్చును. దానిని దాచిపెట్టవలసిన పని లేదు. చదివిన రాత్రియే చోకోను గూడ చదివి, బిడ్డ యేమనునో వినవలయును. 1993 నాటి ‘స్టెల్లాలూనా’ మరింత చిక్కైనది: పక్షిగూటిలో పడిన గబ్బిలపు పిల్లను పక్షితల్లి ప్రేమతోనే పెంచినను, తలక్రిందులుగా వ్రేలాడరాదని తన రీతిని దానిమీద రుద్దును, కథాంతమున పిల్ల కన్నతల్లిని కలిసికొనును. కన్నతల్లి మరల వచ్చునేమో యను ఆశగాని భయముగాని గల బిడ్డకు దీనిని చదువునపుడు తల్లిదండ్రులు ప్రశ్నలకు సిద్ధపడి చదువవలయును.

మన యింటి కథలలో నిట్టివి లేవా? యమునను దాటించుచున్న వసుదేవుని తలమీది బుట్టలో శిశువున్న పటము చూపి, యశోద కడుపున పుట్టకయే యశోద బిడ్డడైనవాడు కృష్ణుడని చెప్పవచ్చును. ఆ బిడ్డడికి ఇద్దరు తల్లులు, ఇద్దరును నిజమైనవారే. వనమున విడువబడిన శిశువును పక్షులు కాపాడగా, కణ్వుడు ఎత్తుకొనిపోయి, ఆ పక్షుల పేరిటనే శకుంతల యని నామకరణము చేసి కూతునుగా పెంచెను. మందసమున ఏటిలో కొట్టుకొనివచ్చిన కర్ణుని కథ మాత్రము చాల చిన్నవారికి జాగ్రత్తతో చెప్పవలయును. విడిచిన ఘట్టము వారి మనసున నాటుకొనిపోవును. అయినను కాలము వచ్చినప్పుడు తప్పక చెప్పదగిన భాగ మొకటి యున్నది: కృష్ణుడు జన్మరహస్యము చెప్పి పాండవుల వైపు రమ్మని పిలిచినప్పుడు, తనను చూచిన క్షణముననే పెంచిన తల్లి రాధకు చన్నులు చేపినవని చెప్పి, ఆమెను విడువజాలనని కర్ణుడు నిరాకరించెను.

దేశము నలుమూలలనుండి బిడ్డలు దత్తతకు వచ్చుచున్న ఈ రోజులలో ఒడియాయో, మరాఠీయో తప్ప ఎరుగని నాలుగైదేండ్ల బిడ్డ తెలుగింటికి చేరుట కలదు. ఆ బిడ్డకు మాటలు లేని బొమ్మల పుస్తకము తొలి బహుమానము కావలయును. ఎవరి భాషయు ఎవరిమీదను పెత్తనము చేయక, బిడ్డ తన మాటలో చెప్పుచుండగా అమ్మ వినును, అమ్మ తన మాటలో చెప్పుచుండగా బిడ్డ వినును. చిత్రము ఇద్దరికిని సాక్షి.

కొనదగిన పుస్తకముల కంటె విలువైనది ఇంట చేయదగినది. ఆయా ఎత్తుకొని నిలుచున్న ఛాయాచిత్రము, శిశుగృహపు గుమ్మము, బిడ్డ వచ్చిననాడు తొడుగుకొనియున్న చొక్కా, ఉత్తర్వు లిచ్చిన కలెక్టరు కచేరి మెట్లు, అమ్మానాన్నల మొదటి నిద్రలేని రాత్రి, ఇవి దళసరి కాగితముల మీద అతికించి, క్రింద ఒక్కొక్క వాక్యము వ్రాసినచో అదియే బిడ్డకు ప్రియతమ పుస్తకమగును. ఎరుగని విషయమును ఎరుగుదుమని కల్పింపరాదు. నిన్ను కన్న అమ్మ ఎవరో మాకు తెలియదు అను వాక్యమునకు గూడ ఒక పుట యుండవచ్చును. పదునెనిమిదేండ్లు నిండిన తరువాత తన మూలములను గూర్చి స్వయముగా విచారించుకొను అవకాశమును మన దత్తత నియమములే యిచ్చుచున్నవి; నాడు ఆ బిడ్డ చేతిలో మొదటి ఆధారము ఈ పుస్తకమే కావచ్చును. బడిలో వంశవృక్షము గీసి తెమ్మన్ననాడు కలవరపడకుండుటకును ఇది తోడ్పడును.

ఇన్ని చెప్పితిని గాని, దత్తబిడ్డ పుస్తకముల అరనిండ దత్తత కథలే పేర్చుట పొరపాటు. ఒకటి రెండు చాలును. తక్కినవన్నియు ఏనుగులు, రైళ్లు, వానలు, మామిడిచెట్లు, అవ్వ గారెలు కావలయును. అందలి పిల్లల మేనిచాయలు, ఇండ్లు, కుటుంబములు పలువిధములుగా నుండవలయును.

దత్తతను గూర్చి దీపా బల్సావర్ రచించిన ‘ది లోన్లీ కింగ్ అండ్ క్వీన్’ వంటివి మన దేశమున వచ్చినవి గాని, తెలుగు మాటతో, తెలుగు కుంచెతో పుట్టిన పుస్తకములు ఇంకను కావలసియున్నవి. పక్షుల రెక్కల నీడను శకుంతలను నిలిపి, కణ్వుడు చేతులు చాచుట చిత్రింపగల నకాషీలు చేర్యాలలో నున్నారు. పది వాక్యములలో ఆ కథ చెప్పగల రచయితలు మనలో నున్నారు. ప్రచురణకర్తలు వారిని కలిపి, 32 పుటలలో, సామాన్యులు కొనగల వెలకు ఆ పుస్తకమును ముద్రింపవలయునని నా ప్రార్థన.