కొడైకెనాల్ కొండ మీద ఒక చిన్న బడి

మన ఊళ్లలో ఒంటిపూట బడులు పెట్టి, మధ్యాహ్నానికి వడగాలి తిరిగే రోజుల్లోనే కొడైకెనాల్‌లో ఉదయం పూట స్వెట్టరు లేనిదే బయటకు రాలేము. చెన్నై ఎగ్మూరులో పాండియన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే కొడై రోడ్ స్టేషనులో దిగవచ్చు. అక్కడి నుండి బత్తలగుండు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు బస్సు ప్రయాణం. కింద కొబ్బరి తోటలు, మామిడి తోటలు. మలుపులు తిరిగే కొద్దీ కాఫీ చెట్లు. ఆ పైన చల్లని గాలి, నీలగిరి చెట్ల వాసన. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 2,100 మీటర్ల ఎత్తున ఉంది. మదుర ప్రాంతంలో పనిచేసే అమెరికన్ మిషనరీలు ఎండలకూ జ్వరాలకూ తాళలేక 1845లో ఇక్కడ మొదటి ఇళ్లు కట్టుకున్నారు. అందరూ పడవ షికారు చేసే చెరువు 1863లో తవ్వించినది.

మేము చెరువు కోసం వెళ్లలేదు. మా తమ్ముడి కొడుక్కి ఏడేళ్లు. వాడికి లెక్కలు రావని పట్నంలోని బడివారు రెండుసార్లు చీటీ రాసి పంపారు. వచ్చే ఏడాది వాణ్ణి ‘మాంటిస్సోరి’ అని బోర్డు పెట్టిన మరో బడిలో చేర్పిద్దామని తమ్ముడు, బస్సులోనూ పుస్తకాలకూ కలిపి అంత ఫీజు ఎక్కడ తెస్తామని మరదలు. ఇంతకీ ఆ పేరులో ఏముంది? ఆ సంగతి తెలుసుకోవడానికి కొడైకెనాల్ మంచి చోటు.

మరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు డాక్టరు. 1907 జనవరి 6న రోము నగరంలో సాన్ లొరెంజో అనే బీదల పేటలో, కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లల కోసం మొదటి బడి తెరిచింది. దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానంపై 1939లో మద్రాసు అడయారుకు వచ్చింది. కొద్ది నెలలు ఉండి పోదామనుకున్నది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో, ఆమె శత్రుదేశస్థురాలై పోయింది. కొడుకు మారియోను ప్రభుత్వం నిర్బంధించింది. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజున, అంటే ఆ ఆగస్టు 31న, అతణ్ణి విడిచిపెట్టారు. 1942లో తల్లీ కొడుకులు ఈ కొండ మీదికి వచ్చారు. 1944 వరకు ఇక్కడే.

ఆ రెండేళ్లలో జరిగింది చెప్పుకోదగ్గది. అంతవరకు ఆమె పేరు ఎక్కువగా చిన్న పిల్లల బడులతో ముడిపడి ఉంది. ఇక్కడ వేర్వేరు వయసుల పిల్లలు ఒకేచోట చేరారు. చుట్టూ అడవి, నాచు, పురుగులు, పక్షులు. ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లలకు మొక్కలు, జంతువులు, భూమి, మనుషుల చరిత్ర అన్నీ ఒకదానితో ఒకటి ముడిపెట్టి నేర్పే పద్ధతి ఇక్కడే బాగా పెరిగింది. కాబట్టి ఈ ప్రాథమిక బడి చదువులో కొంత భాగం మన దక్షిణాది మట్టిలో మొలిచినదే. ఈ మాట మన టీచర్లలో ఎందరికి తెలుసో!

ఈ పద్ధతిలో నడిచే ఒక చిన్న బడిని చూడడానికి తెలిసినవారి ద్వారా అనుమతి దొరికింది. పేరు రాయవద్దన్నారు, అందుకని రాయడం లేదు. పెంకుటిల్లు. ముందు బేరి చెట్టు తెల్లగా పూసి ఉంది. లోపల ఆరు నుండి తొమ్మిదేళ్ల వారంతా ఒకే గది. బెంచీలు లేవు, చాపలు ఉన్నాయి. ఉదయం మూడు గంటలు గంట కొట్టరు. టీచరమ్మ ఎక్కడ ఉందో కనుక్కోవడానికి నాకు కొంత సేపు పట్టింది. ఆమె ఒక మూల ఇద్దరు పిల్లల పక్కన నేల మీద కూర్చుని చిన్న గొంతుతో మాట్లాడుతున్నది.

కిటికీ గట్టు మీద నాలుగు కుండీల్లో చిక్కుడు మొలకలు. ఒకదానికి అన్నీ ఉన్నాయి. ఒకదానికి నీరు పోయరు. ఒకదాని మీద వెలుతురు తగలకుండా అట్టపెట్టె. నాలుగో దానిలో మట్టి బదులు కడిగిన ఇసుక. పిల్లలు రోజూ కొలిచి, బొమ్మ గీసి, తేదీ వేస్తారు. పెట్టె ఎత్తి చూస్తే ఆ మొలక పాలిపోయి, పొడుగ్గా సాగి ఉంది. నీళ్లు లేని మొక్క తల వాల్చింది. దానికి కొంచెం నీళ్లు పోద్దామని ఒక చిన్నపిల్ల, పోస్తే మనకు తెలిసేది ఏమిటని ఒక పెద్ద పిల్లవాడు. టీచరమ్మ తీర్పు చెప్పలేదు. “మీరే మాట్లాడుకోండి” అన్నది. సేద్యం చేసే ఇంటి పిల్లలకు ఇందులో తెలియనిది ఏముందని మా తమ్ముడు గొణిగాడు. నిజమే. కాని మన పిల్లలకు తెలిసిన ఆ సంగతిని మన బడి ఏనాడైనా అడిగిందా?

ఇంతలో మావాడు పూసల దగ్గర కూర్చుండిపోయాడు. బంగారు రంగు పూసలు. విడి పూస ఒకటి. పది గుచ్చిన కడ్డీ పది. పది కడ్డీలు కలిపిన చదరం వంద. పది చదరాలు పేర్చిన ఘనం వెయ్యి. ఘనాన్ని రెండు చేతులతో ఎత్తి, “అత్తా, వెయ్యి బరువుగా ఉంది” అన్నాడు. వెయ్యిలో నుండి 268 తీయమన్నది అక్కడి ఒక అమ్మాయి. ఘనాన్ని విరగగొట్టలేరు కదా! దాన్ని ‘బ్యాంకు’లో ఇచ్చి పది వందలు తెచ్చుకోవాలి, ఒక వందను ఇచ్చి పది పదులు, ఒక పదిని ఇచ్చి పది ఒకట్లు. మూడుసార్లు బ్యాంకుకు తిరిగి, మిగిలినవి లెక్కపెట్టి, 732 అన్నాడు. “పక్క ఇంట అప్పు తెచ్చుకో” అని మనం నల్లబల్ల మీద చెప్పేది ఇదే. ఆ పక్క ఇల్లు ఏదో వాడికి ఎవరూ చూపలేదు, అంతే.

మరదలు టీచరమ్మతో తమ ఊరి దగ్గరి బోర్డు సంగతి చెప్పింది. ఆమె నవ్వి, మాంటిస్సోరి అనే పేరు ఎవరి సొత్తూ కాదనీ, ఎవరైనా గోడ మీద రాయించుకోవచ్చనీ చెప్పింది. “ఒక ఉదయం తరగతిలో కూర్చుంటామని అడగండమ్మా. పిల్లలు లేచి తిరుగుతున్నారా, సామాను తామే తీసి తామే సర్దుతున్నారా, వేర్వేరు ఈడు పిల్లలు కలిసి ఉన్నారా, చూడండి. ఏ పద్ధతిలో తర్ఫీదు పొందారని టీచర్లను అడగండి. ర్యాంకుల పట్టిక కనిపిస్తే ఫీజు కట్టకముందే ఆలోచించుకోండి.” ఇంకో మాట కూడా దాచకుండా చెప్పింది: అక్కడ ఐదో తరగతి దాకా చదివి మామూలు బడికి వెళ్లిన పిల్లలు మొదటి పరీక్షల్లో తికమక పడతారట, కొన్నాళ్లకు సర్దుకుంటారట.

తిరిగి వచ్చాక తమ్ముడూ మరదలూ ఆ బోర్డున్న బడికి వెళ్లి, ఒక పూట కూర్చుంటామని అడిగారు. తల్లిదండ్రులను లోపలికి రానివ్వమన్నారు. పిల్లవాణ్ణి పాత బడిలోనే ఉంచారు. మరదలు చీపురు పుల్లలు సమంగా విరిచి పది పదిగా కట్టింది, పది కట్టలు కలిపి వంద మోపు కట్టింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ వాడు అరుగు మీద ఆ మోపులు విప్పుకుంటూ కూర్చుంటున్నాడు. పక్కింటి పిల్లలు ఇద్దరు వచ్చి చేరారు. వెయ్యి కట్టడానికి పుల్లలు చాలలేదు వదినా అని మొన్న ఉత్తరంలో రాసింది.