ఊరుకోబెట్టే విద్య

తెలుగులో "ఊరుకో" అన్న మాట వుందే, అది మహా తమాషా అయిన మాట. తల్లి చంటిపిల్లను భుజాన వేసుకుని "ఊరుకో నాన్నా, ఊరుకో" అంటే ఏడుపు ఆగుతుంది. వీధిలో తగువులాడుకునే యిద్దరిలో ఒకడు రెండోవాణ్ణి "యిక ఊరుకో!" అంటే చెయ్యి లేస్తుంది. అక్షరాలు మాత్రం అవే. యీ తేడా మీద మావంటి తెలుగు లెక్చరర్లం ఒక వ్యాసం రాసి ఊరుకుంటాం. దాన్ని రాత్రిపూట, నిద్రమాని, ప్రయోగించి చూపించేవాళ్లు ఆస్పత్రి నర్సులు.

నా దగ్గర యింటర్మీడియట్‌లో తెలుగు చదువుకున్న అమ్మాయి ఒకతె నర్సింగు ప్యాసయి, పధ్నాలుగేళ్లుగా ఆ ఉద్యోగం చేస్తున్నది. మొన్న వేసవిలో మా పెదనాన్నగారు పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, ఆయన్ని చేర్చిన ఆస్పత్రిలో రాత్రి డ్యూటీకి ఆ అమ్మాయే తటస్థపడింది.

పెదనాన్నగారు రిటైరయిన హెడ్మాస్టరు. డెబ్భై తొమ్మిదో ఏడు. ఆయన నోట పరుషమైన మాట మా యింట్లో ఎవరూ వినలేదు. అటువంటి మనిషి, ఆపరేషనయిన రెండో రాత్రి ఒంటిగంట వేళ, లేచి కూర్చుని, చేతికి పెట్టిన కాన్యులా పీకి పారేసి, సెలైన్ స్టాండు అందుకుని, "నా కాగితాలెక్కడ దాచార్రా దొంగల్లారా!" అని గావుకేక పెట్టారు. పట్టుకోబోయిన ఆయాను ఒక్క తోపు తోశారు. "ఊరుకో అన్నయ్యా, ఊరుకో!" అని మా చిన్నాన్న అంతకన్నా పెద్ద కేక. "యిదేం ఖర్మ, యీయనకి మతి పోయింది" అని మా పెద్దమ్మ శోకాలు. పక్క మంచాల తాలూకు బంధువులు సరేసరి, చోద్యం చూడడానికి చుట్టూ మూగారు.

ఆ అమ్మాయి వస్తూనే ముందు జనాన్ని బయటికి పంపేసింది. పెద్దమ్మను ఒక్కర్తెనీ వుంచి, "ఏం చేసేవారండీ? బయటివాళ్లు ఏమని పిలుస్తారు?" అని మెల్లిగా అడిగింది. మెడలోని గుర్తింపుకార్డు తాడు తీసి జేబులో వేసుకుంది. నేను గుమ్మం అవతలనించి చూస్తూనే వున్నాను. మంచానికి రెండు చేతుల దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త వారగా నిలబడింది. తలుపు తన వెనకవైపు వుండేటట్టు చూసుకుంది. ఖాళీ చేతులు రెండూ ఆయనకి కనపడుతున్నాయి.

"మాస్టారూ, నేను రాత్రి డ్యూటీ నర్సుని. మీరు ఆస్పత్రిలో వున్నారు. కాగితాలు కనపడకపోతే కంగారే మరి. ఏం కాగితాలండీ?"

"పదో తరగతి పేపర్లు!"

"ఎన్ని కట్టలండీ?"

ఆయన వేళ్లమీద లెక్క చెప్పడం మొదలుపెట్టారు. లెక్కకి రెండు చేతులూ కావాలి గనక స్టాండు వదిలేశారు. పేపర్లు దొరికాయని ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. ఏ పేపర్లూ లేవని వాదానికీ దిగలేదు. ఆపరేషనుకి తీసుకుపోయేముందు తీసి సంచిలో పడేసిన కళ్లజోడూ, చెవి మిషనూ పెద్దమ్మచేత తీయించి పెట్టించింది. "ముందు మంచినీళ్లు తాగుతారా, చేతికి కట్టు కట్టమంటారా?" అన్నది. "కట్టు" అన్నారాయన, ఏదో సెలవుచీటీ మంజూరు చేసినట్టు. కట్టు కడుతూ, పొత్తికడుపు బరువుగా వుందా అని అడిగి చూస్తే, బిర్రుగా వుంది. మూత్రపు గొట్టం తీసేసిన మధ్యాహ్నంనుంచీ చుక్క రాలేదట! డాక్టరుని పిలిచి మళ్లీ గొట్టం వేయించాక ఆయన నిద్రపోయారు. మర్నాడూ కొంత తికమకగానే వున్నారు గాని, మూడు నాలుగు రోజుల్లో మామూలు మనిషయ్యారు.

దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. మన పెద్దవాళ్లు "సంధి పుట్టింది" అనేవారు. వ్యాకరణంలోని సంధి కాదు సుమండీ, దానితో బాధపడేది మా విద్యార్థులే. యీ సంధి ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బులాగా ఏళ్లమీద ముదిరేది కాదు. గంటల్లో, రోజుల్లో ముంచుకొస్తుంది, కాసేపు తగ్గి మళ్లీ హెచ్చుతుంది. దీనివెనక ఎక్కడో ఒక కారణం వుంటుంది. నొప్పి, జ్వరం, మూత్రంలో చీము, ప్రాణవాయువు చాలకపోవడం, ఒంట్లో ఉప్పు తగ్గడం, మలబద్ధకం, ఏదో ఒక మందు.

మర్నాడు పొద్దున క్యాంటీనులో కాఫీ తాగుతూ ఆ అమ్మాయి చెప్పింది: "తిట్టేవాడు కనపడితే మాకు ముందు తోచవలసింది వేలు గుచ్చి చక్కెర చూడడం సార్." ఇన్సులిన్ వేసుకుని అన్నం తినని మనిషికి ముచ్చెమటలు పడతాయి, నోటికి వచ్చినట్టల్లా మాట్లాడతాడు. గ్లూకోజు ఎక్కిస్తే కాసేపట్లో "నేనేమైనా అన్నానా?" అని అడుగుతాడట.

మరొక రకం వుంది. స్కూటరుమీదనించి పడి కాలు విరిగి చేరతాడు. రెండు రోజులు బుద్ధిమంతుడు. మూడోనాడు చేతులు వణుకుతాయి, గోడమీద పురుగులు పాకుతున్నాయంటాడు, అడ్డువచ్చినవాణ్ణి కొడతాడు. రోజూ తాగే మనిషికి మందు హఠాత్తుగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో వచ్చే ప్రమాదం అది. ప్రాణంమీదికి కూడా రావచ్చు. ముందే తెలిస్తే తగిన మాత్రలతో, బి1 విటమిను యింజెక్షన్లతో దాన్ని అడ్డుకోవచ్చు. కాని చేర్చేరోజున భార్య, "ఛీ ఛీ, ఆయనకి అటువంటి అలవాట్లేవీ లేవండీ" అంటుంది. మనబోటి మర్యాదస్థుల యిళ్లలో యీ మర్యాద మరీ ఎక్కువ. పరువు సంగతి యింటికి వెళ్లాక చూసుకోవచ్చు, నర్సు చెవిలో నిజం చెప్పండి.

"మరి కొడితే?" అని అడిగాను.

"సహనమంటే దెబ్బలు తినడం కాదు సార్. చెయ్యెత్తితే వెనక్కి జరుగుతాం. జేబులో కత్తెర వుంచుకోం, వీపు చూపించం. చేతిలో సీసావో కత్తో వుంటే వార్డు ఖాళీ చేయించి మనుషుల్ని పిలుస్తాం. మాట్లాడేది మాత్రం ఒక్కరే. నలుగురు నాలుగు చెబితే తిక్కలేనివాడికి కూడా తిక్క రేగుతుంది."

ఆస్పత్రి సిబ్బందిమీద చెయ్యిచేసుకుంటే మూడేళ్లదాకా జైలు, 50,000 రూపాయలదాకా జరిమానా అని ఆంధ్రప్రదేశ్‌లో 2008లో చట్టం చేశారు. మంచి చట్టమే. అయితే సంధిలో వున్న మనిషి చట్టాలు చదవడు. అది తెలివిలో వున్న చుట్టాలకోసం.

బంధువులు కోరేవి సాధారణంగా రెండు: మత్తు యింజెక్షను పొడవండి, లేదా మంచానికి కట్టెయ్యండి. మత్తుమందుల్లో కొన్ని ముసలివాళ్లలో సంధిని మరింత పెంచుతాయి. బోర్లా పడేసి నొక్కిపట్టడం మరీ ప్రమాదం, ఊపిరే ఆగిపోవచ్చు. మానసిక చికిత్సాలయాల విషయంలో 2017 నాటి చట్టం ఖండితంగా చెప్పింది. రోగికో పక్కవారికో అప్పటికప్పుడు జరగబోయే హానిని తప్పించడానికి వేరే దారి లేనప్పుడే కట్టాలి. శిక్షగా కట్టరాదు, మనుషులు చాలరన్న కారణంగా అసలే కట్టరాదు. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టివేసిన రోగులు కదలలేక మంటల్లో కాలిపోయిన వైనం మీలో కొందరికి గుర్తుండేవుంటుంది. అంతకు రెండు శతాబ్దాల కిందటే, 1797లో, పారిస్‌లోని బిసేత్ర్ ఆస్పత్రిలో ప్యూసాఁ అనే పర్యవేక్షకుడు రోగుల గొలుసులు తీయించాడు. వాళ్లను కొట్టవద్దని నౌకర్లను కట్టడి చేశాడు. ఆయన వైద్యుడు కాదు, ఒకప్పుడు అదే ఆస్పత్రిలో రోగి. చాలాకాలం ఖ్యాతి డాక్టరు పినెల్‌కి దక్కిందనుకోండి.

మనుషులు చాలకపోవడం మాత్రం చట్టంతో తీరేది కాదు. ఆ రాత్రి ఆ అంతస్తులో ముప్పై మంచాలకి యిద్దరు నర్సులు. పెదనాన్నగారి పేపరు కట్టలు లెక్కపెట్టడానికి పట్టిన యిరవై అయిదు నిమిషాలూ మిగతా యిరవై తొమ్మిది మంచాలూ ఒక్కర్తె చూసింది. డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు పుస్తకంలో ఆ అమ్మాయి రాసినది నాకు చదివి వినిపించింది. పన్నెండో మంచం ఆవిడకి ఒంటిగంటకి యివ్వవలసిన యింజెక్షను ఒకటిన్నరకి యిచ్చినట్టు ఒక పంక్తి. దానికింద పెదనాన్నగారి మంచం నంబరు వేసి: "మాస్టారూ అని పిలవాలి. చెవి మిషను తీయవద్దు."