మేము మెచ్చిన యాట



ముప్పదియైదేండ్ల గృహిణి, అందును ఒక ఉపాధ్యాయుని భార్య, వీడియో ఆటను గూర్చి వ్యాసము వ్రాయుట మీలో కొందఱికి వింతగా దోచవచ్చును. మాకును మొదట సిగ్గుగనే యుండెను. పొరుగింటివారు వాకిట పిలిచినప్పుడు చేతిలోని కంట్రోలరును కొంగుక్రింద దాచికొనిన దినములు గలవు. నవల చదివితిమని నలుగురిలో చెప్పుకొందుము. సినిమా చూచితిమని చెప్పుకొందుము. ఆట ఆడితిమని చెప్పుకొనుటకు మాత్రము జంకుదుము. ఆ జంకు విడిచి, మేము కొన్నియేండ్లుగా అభిమానించుచున్న యొక ఆటను గూర్చియు, దానినుండి పుట్టిన టెలివిజను ధారావాహికను గూర్చియు, అవి మా యింట దెచ్చిన యొక మార్పును గూర్చియు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

చిన్ననాట తఱచు జబ్బుపడుటచే మేము బడికి బోయినది తక్కువ. మా తండ్రిగారే మాకు గురువు. ప్రొద్దున భారతము, సాయంకాలము భాగవతము ఆయన యెదుట కూర్చుండి చదివితిమి. 2021 వేసవిలో కరోనా రెండవమాఱు విజృంభించినప్పుడు ఆయన స్వర్గస్థులైరి. జ్వరము వచ్చిన నాలుగు దినములవఱకు మాకు కబురు లేదు. కబురు విని పుట్టినింటికి జేరునప్పటికి అంతయు ముగిసెను. ఆయన గదిలో మంచముపై పఱుపు చుట్టియుండెను. కిటికీలో కండ్లజోడు మాత్రము మిగిలియుండెను. మాకు చెప్పవలదన్నది మా వదినగారని తెలిసినది. ఆ దినము మొదలు ఆమెతో మాటలు మానితిమి.

వదినగారి కుమారుడు, అనగా మా మేనల్లుడు, మా యూరి కళాశాలలో చదువుచు మా యింటనే యున్నాడు. పెద్దల తగవు పిల్లలకేల యని వానిని ప్రేమగనే చూచుకొనుచుంటిమి. తల్లి ఫోను వచ్చినప్పుడు మాత్రము మేము పెరటిలోనికి బోయెడివారము. 2023 సంక్రాంతి సెలవులు గడచినపిమ్మట వాడు ప్లేస్టేషను యంత్రమును దెచ్చి మా టెలివిజనుకు తగిలించెను. ఒకరాత్రి వానికి మజ్జిగ యియ్యబోయి తెరవంక చూచితిమి. పండ్రెండేండ్ల బాలిక యొకతె నిద్రలేచి, చీకటి యింటిలో తండ్రిని పిలుచుచు, గది గదియు వెదకుచుండెను. మేము గ్లాసు చేతబట్టుకొని యట్లే నిలిచిపోతిమి. మేనల్లుడు మా ముఖము చూచి యేమనుకొనెనో గాని, "అత్తయ్యా, ఆ పిల్లను మీరు నడిపింపుడు" అని కంట్రోలరును మా చేతికిచ్చెను.

ఆ యాట పేరు "ది లాస్ట్ ఆఫ్ అస్". అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంటా మోనికాలో నున్న నాటీ డాగ్ అను సంస్థవారు దానిని 2013 జూన్ నెలలో వెలువరించిరి. రెండవ భాగము 2020 జూన్ నెలలో వచ్చెను. కథ వ్రాసినవాడు నీల్ డ్రక్‌మన్. లోకమున చీమలను పట్టు బూజు నిజముగనే గలదు. అది చీమ శరీరమున జొచ్చి, దానిచేత చెట్టెక్కించి, ఆకును కఱపించి, చంపి, తలనుండి మొలకెత్తును. అట్టి బూజు మనుష్యులను పట్టినచో నేమగునన్న యూహపై ఈ కథ నిలిచినది. లోకము తలక్రిందులైన తొలిరాత్రియే జోయెల్ అనునతడు తన కూతురు సారాను పోగొట్టుకొనును. వ్యాధిచేత గాదు, ఒక సైనికుని తుపాకి దెబ్బచేత. పుట్టినదినమున ఆమె కానుకగా నిచ్చిన చేతిగడియారము పగిలి ఆగిపోయినను, ఇరువదియేండ్ల పిమ్మటను దానిని తీయక ధరించియుండును. ఆ తరువాత ఎల్లీ అను పదునాలుగేండ్ల అనాథబాలికను దేశము దాటించు భారము అతనిపై బడును. ఆ బాలికకు కాటు తగిలినను వ్యాధి యెక్కదు. ఆమెవలన మందు కనుగొనవచ్చునని కొందఱి యాశ.

ఇది పసిపిల్లల ఆట కాదని ముందే మనవి చేయుచున్నాము. నెత్తురును భయమును మెండు. పెద్దలకొఱకే చేసినది. మా చిన్నవారు నిద్రించినపిమ్మట గాని మేము ఆ యంత్రమును ముట్టలేదు. మొదట మాకు మీటలు తెలియలేదు. పరుగెత్తవలసినచోట వంగెడివారము; వంగవలసినచోట గోడకు ముఖమానించి నిలిచెడివారము. మేనల్లుడు నవ్వునాపుకొని నేర్పెను. నెల దినములలో సాల్ట్ లేక్ సిటీ చేరితిమి. పాడువడిన ఆ పట్టణమున జిరాఫీలు పచ్చని యాకులు మేయుచుండగా ఎల్లీ యొకదానిని నిమురును. అచ్చట శత్రువు లేడు, తొందరయు లేదు. మన యిష్టమున్నంతసేపు నిలిచి చూడవచ్చును. మేము పావుగంట నిలిచితిమి.

తరువాతి ఘట్టము కఠినమైనది. ఎల్లీ మెదడును కోసిన గాని మందు రాదనియు, కోసినచో ఆమె బ్రతుకదనియు తెలియును. జోయెల్ ఆసుపత్రిలో అడ్డువచ్చినవారిని చంపి, ఆమెను ఎత్తుకొనిపోయి, పిమ్మట ఆమెతో అబద్ధమాడును. సినిమాలోనైనచో దీనిని కూర్చుండి చూతుము. ఆటలో నట్లు గాదు. శస్త్రవైద్యుడు చిన్నకత్తి పట్టుకొని యెదుట నిలుచును. మనము మీట నొక్కనిదే కథ కదలదు. మేము నొక్కితిమి. ఆ వైద్యుని ముఖమైన సరిగా చూడక నొక్కితిమి. పడకకుర్చీలోనున్న మా వారు, "ఒక్క పిల్లకొఱకు లోకమునే ముంచితిరిగదా, అత్తయు మేనల్లుడును కలిసి!" అని విదురనీతిని జ్ఞప్తికి దెచ్చిరి. "తండ్రి గనుక చేసెను" అని మేము బదులాడితిమి.

ఆ దినములలోనే హెచ్.బి.ఓ. వారి ధారావాహిక మొదలైనది. 2023 జనవరి 15 మొదలు మార్చి 12 వఱకు తొమ్మిది భాగములుగా వచ్చెను. డ్రక్‌మన్‌తో కలిసి క్రెయిగ్ మేజిన్ దానిని రూపొందించెను. జోయెల్‌గా పెడ్రో పాస్కల్, ఎల్లీగా బెల్లా రామ్జీ నటించిరి. ఎల్లీ ముఖము ఆటలోని ముఖమును పోలలేదని గొణిగిన యభిమానులలో మేమును చేరితిమి. రెండు వారములలో ఆ మాటయే మఱచితిమి. తెనుగున రంగనాథ రామాయణము గలదు, భాస్కర రామాయణము గలదు, మొల్ల రచించినది గలదు. ఒకదానిలోని సీత మఱియొకదానిలోని సీతను పోలలేదని మన పెద్దలెవ్వరును తగవులాడలేదు గదా!

మూలమును మార్చినచోట్ల గూడ మాకు నచ్చినవి కలవు. ఆటలో బిల్ అనువాడు ఒంటరి. అతని చెలికాడు ఫ్రాంక్ విసిగి విడిచిపోయి, ఉరివోసికొని, ద్వేషముతో నిండిన జాబొకటి విడిచిపోవును. ధారావాహిక మూడవ భాగమున ఆ యిద్దఱు పురుషులును ఏండ్లతరబడి యొకరికొకరు తోడై, తోట పెంచుకొని, తగవులాడుకొని, వృద్ధులై యొక్కనాడే కన్నుమూయుదురు. మా వారు గూడ ఆ రాత్రి కండ్లజోడు తీసి తుడుచుకొనిరి. అర్జెంటీనావాడైన గుస్టావో శాంటావోలాయా తీగెవాద్యముల సంగీతము ఆటకును ధారావాహికకును ఒక్కటియే. ఆటలో ఎల్లీకి ప్రాణము పోసిన నటి ఆష్లీ జాన్సన్, ధారావాహిక తొమ్మిదవ భాగమున ఎల్లీని కని కన్నుమూయు తల్లిగా కనబడెను. తాను పలికించిన బిడ్డను తానే కన్నట్లయ్యెను. అది చూచినప్పుడు మాకు గలిగిన సంతోషము ఆట తెలిసినవారికి గాని తెలియదు.

2024 వేసవిలో రెండవ ఆటను చేపట్టితిమి. ఎల్లీయు జోయెలును జాక్సన్ అను ఊర స్థిరపడి బ్రతుకుచుందురు. అబ్బీ అను యువతి వచ్చి, ఎల్లీ కన్నులయెదుటనే జోయెలును కొట్టి చంపును. ఆ రాత్రి మాకు అన్నము సయింపలేదు. ఆ పగ మా పగయే యైనట్లు, ఎల్లీ చేయి పట్టుకొని సియాటిల్ నగరమున వీధివీధియు వెదకితిమి. సగము ఆట ముగిసి, పగవారు ఎదురుపడిన క్షణమున కథ ఆగి, మా చేతికి వేఱొక మనిషిని అప్పగించెను. ఆ మనిషి అబ్బీయే. ఏండ్ల వెనుకటి ఆసుపత్రి. ఆమె నడవ వెంట పరుగెత్తి తలుపు తెఱచునప్పటికి, తండ్రి నేలపై చచ్చిపడియుండెను. ఆయనయే ఆ శస్త్రవైద్యుడు.

మేము కంట్రోలరును బల్లపై పెట్టి లేచిపోతిమి. మూడు దినములు దానిని ముట్టలేదు. ఆలస్యముగా తలుపు తెఱచి తండ్రి లేని గదిని చూచుట యెట్టిదో మాకు తెలియును. ఆ గదిని మా చేతులతోనే మఱియొక పిల్లకు కల్పించితిమని మాత్రము తెలియకపోయెను.

ధారావాహికలో నిట్లు చేయలేదు. 2025 ఏప్రిల్ 13న మొదలైన రెండవ విడతలో, కైట్లిన్ డెవర్ నటించిన అబ్బీ యెందులకు పగబూనెనో ముందే తెలిపిరి. ఏడు భాగముల ఆ విడత, అబ్బీవైపు కథ మొదలగుచుండగనే ఆగెను. అది చక్కగనే యున్నది. అయినను, ముందే కారణము తెలిసిన పగ వేఱు, నోరార తిట్టినపిమ్మట కారణము తెలిసిన పగ వేఱు. రెండవది మనలనే దోషులను జేసి నిలువబెట్టును.

ఆ మూడు దినములలో మాకు అశ్వత్థామ కథ పదేపదే తలపునకు వచ్చెను. అసత్యముచేత ఆయుధము విడిచిన ద్రోణుని తల తెగినది. తండ్రికొఱకు పగబట్టిన కొడుకు నిద్రించుచున్న ద్రౌపదీపుత్రులను చంపెను. భారతమున ద్రౌపది, అశ్వత్థామను కూల్చి అతని తలమణిని తెచ్చినగాని లేవనని ప్రాయోపవేశమునకు కూర్చుండును. భాగవతమున ఆమెయే, అర్జునుడు కట్టి తెచ్చిన యశ్వత్థామను చూచి విడువుమనును. నావలెనే వీని తల్లియు ఏడ్వవలెనా యని యామె భావము. ఈ యిద్దఱిలో నిజమైన ద్రౌపది యెవ్వతెయని మా తండ్రిగారు మమ్ము చిన్ననాట నడిగిరి. "చంపుమన్నదియే" అంటిమి. ఆయన నవ్వి యూరకుండిరి.

నాలుగవనాడు ఆట మరల మొదలిడి తుదిముట్ట నాడితిమి. కడపట శాంటా బార్బరా సముద్రతీరమున, ఎముకలగూడైన అబ్బీతో ఎల్లీ పెనగులాడి, ఆమెను నీట ముంచును. మీట నొక్కుమని తెరపై గుఱుతు వచ్చును. మాకు నొక్కుటకు మనసు రాలేదు; నొక్కక కథ కదలదు. నొక్కుచుండగనే ఎల్లీకి గిటారుతో కూర్చున్న జోయెల్ జ్ఞప్తికి వచ్చి, తానై చేయి సడలించును. ఆ పెనగులాటలో ఎల్లీ రెండు వ్రేళ్లు పోయినవి. ఇంటికి వచ్చి గిటారు పట్టుకొనగా, జోయెల్ నేర్పిన పాట సరిగా పలుకదు. పగకొఱకు పోయి, పోయినవాడు మిగిల్చిపోయిన పాటను గూడ పోగొట్టుకొనెను.

అప్పుడు మాకు మా తండ్రిగారి భాగవతము తలపునకు వచ్చెను. ఆయన చేతివ్రాతతో అంచులు నిండిన ఆ పుస్తకము పుట్టినింటనే యున్నది. దాని నడుగవలెనన్న వదినగారితో మాటలాడవలయును. అందుచేత మూడేండ్లు అడుగలేదు. మా పగచేత మేమును మా పాటను పోగొట్టుకొనియున్నామని అప్పుడు తెలిసినది.

ఆ సాయంకాలము మేనల్లునికి తల్లి ఫోను వచ్చినది. మేము పెరటిలోనికి బోక, "ఇటిమ్ము" అని చేయి చాచితిమి. వాడు తెల్లబోయి యిచ్చెను. అవతల కొంతసేపు మాట లేదు. పిమ్మట వదినగారు, "అమ్మాయీ, భోజనమైనదా?" అని యడిగిరి. అయినదని చెప్పి, నాన్నగారి భాగవతము సంగతి యడిగితిమి. "బీరువాలోనే యున్నది. పురుగు పట్టకుండ నెలకొకమాఱు ఎండలో పెట్టుచున్నాను. నీవు వచ్చి తీసికొనిపోదువని యుంచితిని" అనిరి.

ఆనాడు కబురేల పంపలేదని మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు. ఆ మాట నేటికిని మా నడుమ రాలేదు. లోని ముల్లు పూర్తిగా పోయినదని చెప్పిన అసత్యమగును. అయినను ఆ దసరాకు పుట్టినింటికి బోయితిమి, పుస్తకమును తెచ్చుకొంటిమి. ఆ రాత్రి మేనల్లుడు తన యంత్రమును అచ్చట తగిలించి, "అమ్మా, ఈ పిల్లను నీవు నడిపింపుము" అని తల్లిచేతికి కంట్రోలరునిచ్చెను. వదినగారు సారాను నడిపింపబోయి, చీకటి గదిలో గోడకు ముఖమానించి నిలిపిరి. "అట్లు గాదు వదినగారూ, ఈ మీట" అని మేము ప్రక్కన కూర్చుంటిమి.

సోదరీమణులారా! మన యిండ్లలో పిల్లలు తెరయెదుట కూర్చున్నప్పుడు, కాలము పాడుచేయుచున్నారని కేకలు వేయుదుము. వేయవలసిన వేళలును కలవు. అయినను వేయుటకు ముందొకనాడు వారి ప్రక్కన గడియసేపు కూర్చుండి, అదేమి కథయో అడిగిచూడుడు. వారు మనకు చెప్పుటకు వేచియుందురు.